బ్యాటరీ గడ్డి ట్రిమ్మర్‌ను ఎలా ఎంచుకోవాలి, కొన్నాక ఎలా పరీక్షించాలి

మృగశిర కార్తె దాటి నాలుగు మంచి వానలు పడగానే హైదరాబాద్‌లోని మా సైనిక్‌పురి వైపు ప్రహరీ గోడల వెంట గరిక, తుంగ, గడ్డిచామంతి పోటీపడి లేస్తాయి. బోనాల నాటికి అవి పిక్కలను తాకుతాయి. మాలీ వారానికొకసారి వచ్చి నడుమ ఉన్న పచ్చికను మిషన్‌తో నున్నగా చేసి వెళ్లినా గోడ మూలలూ, తాండూరు బండల అంచులూ, చెట్ల మొదళ్లూ అలాగే మిగిలిపోతాయి. ఆ మిగిలిన పని కోసం బ్యాటరీ ట్రిమ్మర్ కొనాలనుకునేవారు నన్ను అడిగే ప్రశ్న ఏటా ఒకటే: “ఏ కంపెనీది కొనమంటారు?”

కంపెనీ పేరు చెప్పడం సులభమే. అయితే 150 గజాల ఇంట్లో గోడ పక్కన అడుగు వెడల్పున మొలిచే గడ్డికీ, 500 గజాల ఇంటి వెనుక రాళ్ల మధ్య పెరిగే కలుపుకీ ఒకే మిషన్ సరిపోదు. అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. రెండేళ్ల తరువాత ట్రిమ్మర్ మూలన పడిందంటే, పది సందర్భాల్లో తొమ్మిదింట దానికి కారణం బ్యాటరీ చావడమో, తీగ చుట్టే స్పూల్ దొరకకపోవడమో అయి ఉంటుందని నా అనుభవం. అందువల్ల ఈ రెండింటినీ ముందు ఎంచుకుని, మోటారు, రంగు, కంపెనీ పేరు ఆ తరువాత చూడమని నా సలహా.

ఇక్కడ ట్రిమ్మర్ అంటే పొడవాటి గొట్టం చివర తల వేగంగా తిరుగుతూ, అందులోంచి బయటికి వచ్చిన నైలాన్ తీగతో గడ్డిని కొట్టి తెంపే మిషన్. ఇనుప బ్లేడుతో పొదలు నరికే బ్రష్ కట్టర్ సంగతి వేరు.

కావలసినవి

- కొలిచే టేపు, కాగితం, పెన్ను
- ప్రయాణపు సంచులు తూచే చిన్న కాటా లేదా వంటింటి కాటా
- ఫోన్‌లోని స్టాప్‌వాచ్
- పక్కలు కూడా మూసి ఉండే రక్షణ కళ్లద్దాలు (ఈఎన్ 166 గుర్తు ఉన్నవి మంచివి; చలువ కళ్లద్దాలు పనికిరావు)
- మూసి ఉన్న బూట్లు, మందపాటి నిండు ప్యాంటు, చేతి తొడుగులు

కాటా ఎందుకని ఆశ్చర్యపోకండి. మోసాన్ని పట్టించే సాధనాల్లో అదే చవకైనది.

1. ముందు మీ గడ్డిని చూడండి

కొనడానికి ముందు ఒక ఉదయం తోట చుట్టూ తిరిగి ఎక్కడ ఏముందో రాసుకోండి. గరిక, కార్పెట్ గ్రాస్, మెక్సికన్ గ్రాస్ వంటి మెత్తని గడ్డి అయితే చిన్న బ్యాటరీ ట్రిమ్మర్ హాయిగా కోస్తుంది. తుంగను కూడా కోస్తుంది గాని, నేలలోని గడ్డలు అలాగే ఉంటాయి కాబట్టి వారం తిరిగేసరికి అది మళ్లీ లేస్తుంది. ఆ తప్పు మిషన్‌ది కాదు.

వయ్యారిభామ ఉంటే ట్రిమ్మర్ జోలికి పోవద్దు. తీగ దాని ఆకులనూ కాండాన్నీ తునకలు చేసి మీ మీదే చల్లుతుంది. ఆ మొక్క చర్మానికి దురద, దద్దుర్లు తెస్తుంది. పుప్పొడి ఊపిరి ఇబ్బందులను పెంచుతుంది. వాన పడి నేల నానిన మరునాడు, పూతకు రాకముందే, చేతి తొడుగులు వేసుకుని వేళ్లతో సహా పీకడమే దానికి సరైన పద్ధతి. వేలి మందానికి ముదిరిన కాండాలు, తుమ్మ మొలకలు, ముళ్ల పొదలు కూడా నైలాన్ తీగకు లొంగవు.

ప్రత్యామ్నాయం: పక్కన ఖాళీ ప్లాటు నుంచి నడుము ఎత్తు కలుపు మీ వైపు వచ్చి పడుతుంటే, ఏడాదికి ఒకసారి పెట్రోల్ బ్రష్ కట్టర్ ఉన్న మనిషిని పిలిపించి మొదటి కోత కోయించండి. ఆ తరువాత పదిహేను రోజులకొకసారి చిన్న ట్రిమ్మర్‌తో అదుపులో పెట్టుకోవచ్చు. ఏడాదిలో ఒక్కరోజు వచ్చే కష్టం కోసం మిగిలిన రోజులన్నీ ఐదు కిలోల మిషన్ మోయడం తెలివైన పని కాదు.

2. కోయవలసిన చోటును కొలవండి

ప్లాటు ఎన్ని గజాలన్నది ఇక్కడ అక్కరకు రాదు; గడ్డి ఉన్న చోటు ఎంతో కావాలి. ఉదాహరణకు 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు ఉన్న 200 గజాల ప్లాటు చుట్టుకొలత 180 అడుగులు, అంటే దాదాపు 55 మీటర్లు. అందులో గేటు, కార్ల జాగా, బండలు పరిచిన నడక తీసివేస్తే చాలా ఇళ్లలో 30 మీటర్ల అంచు కూడా మిగలదు. ఆ కొంచెం పనికి 18 ఓల్టుల తేలికపాటి మిషన్, ఒక బ్యాటరీ చాలు.

అంచులతో పాటు మధ్య పచ్చికను కూడా ట్రిమ్మర్‌తోనే కోయాలనుకుంటే, దయచేసి మానుకోండి. చేయి పైకీ కిందికీ కదిలిన చోటల్లా పచ్చిక గుంటలు గుంటలుగా తయారవుతుంది. నాలుగు గజాల ముక్క అయితే సరే. అంతకు మించితే చక్రాల మీద నడిచే లాన్ మోవర్ ఉండాలి.

అంచు 100 మీటర్లు దాటినా, కొబ్బరి, మామిడి చెట్ల మధ్య పెద్ద జాగా ఉన్నా 36 ఓల్టుల రకాన్ని, లేదా రెండు 18 ఓల్టుల బ్యాటరీలు ఒకేసారి పెట్టుకునే రకాన్ని చూడండి.

3. పెట్టె మీది ఓల్టులను నమ్మకుండా లెక్క కట్టండి

అందరూ తప్పు చేసే మెట్టు ఇదే. నేనూ చేశాను. మొదటిసారి ఆన్‌లైన్‌లో, పెట్టె మీద పెద్ద అక్షరాలతో 98 అని రాసి ఉన్న మిషన్‌ను చూసి, ఇంత ఓల్టేజీ ఇంత చవకగా వస్తోందే అని సంబరపడి తెప్పించుకున్నాను. అది తొమ్మిది నిమిషాలు నడిచి ఆగిపోయింది. తరువాత బ్యాటరీ ప్యాకులు బాగుచేసే ఒకాయన దానిని విప్పి చూపిస్తే లోపల ఐదు సెల్స్ ఉన్నాయి. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటే అదే. (ఇలాంటి ప్యాకును మీరు మాత్రం ఇంట్లో విప్పకండి, లోపల షార్ట్ అయితే మంటలు లేస్తాయి.)

లెక్క చాలా చిన్నది. ఒక్కో లిథియం అయాన్ సెల్ సగటు ఓల్టేజీ 3.6; నిండా చార్జ్ అయినప్పుడు 4.2 దాకా ఉంటుంది. ఐదు సెల్స్ వరుసగా కలిపితే 18 ఓల్టులు, పది కలిపితే 36. కొన్ని కంపెనీలు అదే ఐదు సెల్స్ ప్యాకును “20 ఓల్టులు మ్యాక్స్” అనీ, పది సెల్స్ ప్యాకును “40 ఓల్టులు మ్యాక్స్” అనీ రాస్తాయి. అది మోసం కాదు గాని, 18 కన్నా 20 బలమైనదని భ్రమపడి ఎక్కువ డబ్బు పెట్టకండి. 48, 88, 98 అని రాసి పక్కన “వీఎఫ్” వంటి అక్షరాలు తగిలించిన మిషన్ల విషయంలో మాత్రం ఆ సంఖ్యను పూర్తిగా మరచిపోండి.

బ్యాటరీలో అసలు ఎంత శక్తి ఉందో తెలియాలంటే ఓల్టులను ఏహెచ్‌తో (ఆంపియర్-అవర్, బ్యాటరీ మీద రాసి ఉంటుంది) గుణించండి, వచ్చినది వాట్-అవర్. 18 ఓల్టులు, 2 ఏహెచ్ అయితే 36 వాట్-అవర్. 18 ఓల్టులు, 4 ఏహెచ్ అయితే 72. 36 ఓల్టులు, 2 ఏహెచ్ అయినా 72 వాట్-అవరే. ట్రిమ్మర్ మోటారు గడ్డిలో పని చేస్తూ సుమారు 250 వాట్లు లాగుతుందనుకుంటే, 72 వాట్-అవర్ బ్యాటరీ దాదాపు 17 నిమిషాలు, 36 వాట్-అవర్ బ్యాటరీ తొమ్మిది నిమిషాల లోపు వస్తాయి. “45 నిమిషాలు నడుస్తుంది” అన్న మాట ఖాళీగా తిప్పినప్పటి మాట అని అర్థం చేసుకోండి.

రాసిన సంఖ్య నిజమో కాదో తేల్చే పరీక్షలు మూడు ఉన్నాయి.

మొదటిది చార్జర్ మీది లేబుల్. అవుట్‌పుట్ 21 ఓల్టులు అని ఉంటే లోపల వరుసగా ఐదు సెల్స్ మాత్రమే ఉన్నట్టు. పెట్టె మీద ఏ సంఖ్య ఉన్నా అది 18 ఓల్టుల మిషన్. నిజంగా 36 ఓల్టులదైతే చార్జర్ అవుట్‌పుట్ సుమారు 42 ఓల్టులు ఉండాలి.

రెండవది బరువు. వాడుకలో ఉన్న 18650 రకం సెల్ (18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు) ఒక్కటే సుమారు 45 గ్రాములు తూగుతుంది. 18 ఓల్టులు, 4 ఏహెచ్ అని చెప్పుకునే ప్యాకు (మామూలుగా ఇలాంటివి ఐదేసి రెండు వరుసలు, అంటే పది సెల్స్ ఉండాలి) ప్లాస్టిక్ డొప్పతో సహా 400 గ్రాముల లోపు ఉంటే అందులో చెప్పినన్ని సెల్స్ లేవని అనుమానించండి.

మూడవది చార్జింగ్ సమయం. చార్జర్ మీద అవుట్‌పుట్ 1 ఆంపియర్ అని ఉంటే పూర్తిగా ఖాళీ అయిన 4 ఏహెచ్ బ్యాటరీ నిండడానికి నాలుగు గంటలకు పైగా పట్టాలి. గంటన్నరలో పచ్చ లైటు వెలిగితే సంతోషించకండి. అది వేగంగా నిండడం వల్ల కాదు, గిన్నె చిన్నది కావడం వల్ల.

వీటితో పాటు బ్యాటరీ లేబుల్ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ఐఎస్ 16046 అన్న ప్రమాణ సంఖ్య, “ఆర్” అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ సంఖ్య ఉన్నాయేమో చూడండి. ఆ సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అది ఎవరికి ఇచ్చినదో కనిపిస్తుంది.

4. బ్యాటరీ ఏ కుటుంబానికి చెందినదో తెలుసుకోండి

మీ ఇంట్లో ఇప్పటికే బ్యాటరీ డ్రిల్లు ఉంటే, అదే బ్యాటరీ పట్టే ట్రిమ్మర్ దొరుకుతుందేమో ముందు చూడండి. బ్యాటరీ, చార్జర్ లేకుండా మిషన్ ఒక్కటే అమ్మే పద్ధతి ఉంది. చాలా డబ్బు ఆదా అవుతుంది. ఇక్కడ ఒక హెచ్చరిక ఉంది. కంపెనీ ఒకటే, ఓల్టులు ఒకటే అయినంత మాత్రాన బ్యాటరీ పట్టదు. బాష్‌లో ఇంటి వాడకానికి చేసిన ఆకుపచ్చ మిషన్ల 18 ఓల్టుల బ్యాటరీ, వృత్తి పనివారి నీలం మిషన్లకు పట్టదు. మకీటాలో ఎల్‌ఎక్స్‌టీ వరుస బ్యాటరీ వేరు, జీ వరుస బ్యాటరీ వేరు. డ్రిల్లును సంచిలో వేసుకుని దుకాణానికి వెళ్లి, అక్కడే తగిలించి చూసుకోవడం అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి.

బ్యాటరీ విడిగా ఎంత, ఇప్పుడు స్టాకులో ఉందా అని తప్పక అడగండి. “దొరుకుతుంది సార్” అన్న మాట చాలదు, ధర చెప్పాలి. విడి బ్యాటరీ ధర చెప్పలేని చోట మిషన్ కొంటే అది ఒక్క బ్యాటరీ ఆయుష్షు వరకే మీది.

5. తీగనూ, అది బయటికి వచ్చే పద్ధతినీ ఎంచుకోండి

హైదరాబాద్ నేలలో రాయి తగలని చోటు తక్కువ. గోడ పునాది గ్రానైట్, నడక దారి తాండూరు బండ, మిగిలిన చోట కంకర. అందువల్ల ఇక్కడ తీగ త్వరగా అరుగుతుంది. దానిని బయటికి తీసే పద్ధతి సులభంగా ఉండాలి. నాలుగు రకాలు కనిపిస్తాయి.

నేలకు తట్టితే వచ్చే రకం: తిరుగుతున్న తలను నేలకు మెల్లగా తాటిస్తే తీగ కొంత బయటికి వస్తుంది. నా ఓటు దీనికే. అయితే బండ మీద కాక మట్టి మీదో గడ్డి మీదో తట్టాలి. లేకపోతే అడుగున ఉన్న బొత్తాం అరిగిపోతుంది.

తనంతట తానే వచ్చే రకం: మిషన్ ఆపి మళ్లీ నడిపినప్పుడల్లా కొంచెం తీగ వస్తుంది. కొత్తవారికి హాయిగా ఉంటుంది. మీట మాటిమాటికీ వదిలి నొక్కే అలవాటు ఉంటే మాత్రం తీగ ఊరికే వచ్చి, గార్డు (తుక్కు, రాళ్లు మీ మీదికి రాకుండా తలకు అడ్డుగా ఉండే రేకు) అంచున ఉన్న చిన్న కత్తికి తగిలి ముక్కలై పోతుంది.

ముక్కలుగా కోసి దూర్చే రకం: చుట్టే పని లేదు, చిక్కులు పడవు. అరిగినప్పుడల్లా ఆపి కొత్త ముక్క పెట్టాలి. పది నిమిషాల పనికి ఫరవాలేదు.

ప్లాస్టిక్ రెక్కల రకం: చవక మిషన్లతో ఇదే వస్తుంది. మెత్తని పచ్చిక అంచుకు సరే. గోడకు తగిలితే రెక్క విరుగుతుంది. ఆ కొలత రెక్కలు మళ్లీ దొరుకుతాయో లేదో చూసుకోండి.

తీగ మందం విషయంలో మిషన్ పుస్తకం ఏది చెబితే అదే వాడండి. 18 ఓల్టుల వాటికి ఎక్కువగా 1.6 లేదా 2 మిల్లీమీటర్లు, 36 ఓల్టుల వాటికి 2 నుంచి 2.4 మిల్లీమీటర్లు సరిపోతాయి. మందం ఎక్కువైతే బాగా కోస్తుందని 1.6 మిషన్‌లో 2.4 తీగ దూర్చితే తల వేగం పడిపోతుంది, మోటారు వేడెక్కుతుంది, బ్యాటరీ తొందరగా దిగిపోతుంది. కోత ఇంకా అధ్వానమవుతుంది. గుండ్రని తీగ రాళ్ల దగ్గర ఎక్కువ రోజులు మన్నుతుంది. పలకల తీగ పదునుగా కోస్తుంది గాని త్వరగా అరుగుతుంది.

ఇనుప రంపపు బిళ్లలు ఉచితమంటూ ఇచ్చే మిషన్ల విషయంలో జాగ్రత్త. తీగ కోసం చేసిన చిన్న గార్డు, తేలిక గొట్టం ఇనుప బిళ్లకు తగవు. బిళ్ల రాయికి తగిలితే మిషన్ ఒక్కసారిగా పక్కకు ఎగురుతుంది. తయారీదారు పుస్తకంలో ఆ బిళ్ల వాడవచ్చని స్పష్టంగా రాసి ఉంటే తప్ప దానిని పెట్టెలోంచి తీయకండి.

6. చేతిలో పట్టుకుని చూడండి

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో పంపులు, మిషన్లు, పనిముట్ల దుకాణాలు వరుసగా ఉంటాయి; అక్కడికి వెళితే నాలుగైదు రకాలను ఒకే పూట పట్టి చూడవచ్చు. బ్యాటరీ తగిలించమని అడగండి, ఎందుకంటే అది లేకుండా పట్టుకుంటే బరువు ఎక్కడ వాలుతుందో తెలియదు. నిటారుగా నిలబడి, ముందు పిడి పట్టుకుని, తలను నేలకు సమాంతరంగా ఉంచి రెండు నిమిషాలు అటూ ఇటూ ఊపండి. నడుము వంచవలసి వస్తే గొట్టం మీకు పొట్టిది. ముంజేయి లాగుతుంటే ముందు భాగం బరువెక్కువ. ఇంట్లో ఇద్దరు వాడేటట్టయితే పొడవు మార్చుకునే గొట్టం, జరుపుకునే పిడి ఉన్నదే తీసుకోండి. బ్యాటరీతో కలిపి నాలుగు కిలోలు దాటితే భుజపు పట్టీ ఉండాలి.

మోటారు కింద, తల దగ్గరే ఉన్నవి తేలికగా, చవకగా ఉంటాయి. తడి గడ్డి, దుమ్ము ఎక్కువగా తగిలేది కూడా వాటికే. మోటారు పైన ఉన్నవి బరువైనవైనా తూకం బాగుంటుంది. వీలైతే బ్రష్‌లెస్ మోటారు తీసుకోండి. లోపల అరిగే కార్బన్ బ్రష్‌లు ఉండవు, అదే బ్యాటరీతో కొంచెం ఎక్కువసేపు నడుస్తుంది.

ఆన్‌లైన్‌లోనే కొనేవారు పెట్టె విప్పుతున్నప్పుడు ఫోన్‌తో వీడియో తీసుకుని, కాటా పరీక్ష, చార్జర్ లేబుల్ పరీక్ష వాపసు గడువు లోపల పూర్తి చేయండి. బిల్లు మీద మిషన్ సీరియల్ సంఖ్య ఉండాలి. బ్యాటరీకి గ్యారంటీ ఎన్ని నెలలో విడిగా అడగండి. మిషన్‌కు ఇచ్చినంత కాలం బ్యాటరీకి ఇవ్వకపోవడం మామూలే.

7. మొదటి కోత కోస్తూ పరీక్షించండి

గార్డు తగిలించాక దాని అంచున ఉండే చిన్న కత్తి మీది ప్లాస్టిక్ తొడుగు తీయండి. ఈ తొడుగు తీయకుండా “తీగ పొడవుగా వచ్చేస్తోంది, మిషన్ మూలుగుతోంది” అని వాపసు పంపినవారు నాకు తెలుసు.

కోసే చోట రాళ్లు, తీగ ముక్కలు, పిల్లల బొమ్మలు ఏరివేయండి. డ్రిప్ పైపులు, నల్లా గొట్టాలు ఎక్కడున్నాయో చూసి పక్కకు జరపండి. తీగ వాటిని ఒక్క క్షణంలో తెంపుతుంది, ఆ సంగతి మరునాడు మొక్క వాడినప్పుడే తెలుస్తుంది. కారును దూరంగా పెట్టండి. మనుషులు, కుక్కలు 15 మీటర్ల దూరంలో ఉండాలి. 30 సెంటీమీటర్ల వెడల్పున నిమిషానికి 7,000 సార్లు తిరిగే తీగ కొస సెకనుకు 110 మీటర్ల వేగంతో, అంటే గంటకు దాదాపు 400 కిలోమీటర్ల వేగంతో కదులుతుంది. దానికి తగిలిన కంకర రాయి ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు.

వానాకాలంలో గడ్డి ఎత్తుగా ఉంటే ముందు పొడవాటి కర్రతో నేల మీద బలంగా తట్టుకుంటూ ఒకసారి తిరగండి. పాము కనిపిస్తే పని ఆపి వెనక్కి వచ్చి, ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వంటి వారిని పిలవండి, మీరు పట్టబోకండి.

మీట నొక్కి తల పూర్తి వేగం అందుకున్నాకే గడ్డికి ఆనించండి. తీగ మొత్తాన్ని గడ్డిలోకి దూర్చకుండా కొసతో మాత్రమే కోయాలి. ఎత్తు గడ్డిని ఒకేసారి మొదలంటా కోయబోతే అది తలకు చుట్టుకుంటుంది. మొదట పై సగం, రెండవసారి కింది సగం తీయండి. కోసిన తుక్కు మీ మీదికి వస్తుంటే నడిచే దిశ మార్చండి. గోడ దగ్గర తలను కొంచెం వాల్చి, తీగ కొస గోడను రాసుకునేంత దూరంలో నడిస్తే చాలు.

లేత చెట్టు మొదలు దగ్గర మాత్రం అసలు పెట్టకండి. తీగ బెరడును చుట్టూ ఒలిచేస్తే, పై నుంచి వేళ్లకు ఆహారం అందక మూడేళ్ల మామిడి చెట్టు కూడా ఎండిపోతుంది. మొదలు చుట్టూ అడుగు మేర చేత్తో గడ్డి పీకి ఎండుటాకులు పరచండి, లేదా నిలువుగా చీల్చిన పాత పీవీసీ పైపు ముక్కను తొడగండి.

కోత అయ్యాక నాలుగు సంగతులు చూడండి. గడ్డి కొస నీటుగా తెగిందా, చీలి పీచులుగా తెల్లబడిందా? చీలితే తీగ అరిగిందనో, వేగం చాలలేదనో అర్థం. బ్యాటరీ నిండుగా ఉన్నప్పటి నుంచి ఆగేవరకు ఎన్ని నిమిషాలు వచ్చింది? మీ వాట్-అవర్ లెక్కలో సగం కూడా రాకపోతే వాపసు గురించి ఆలోచించండి. అయితే కొత్త బ్యాటరీని రెండు మూడు సార్లు నింపి చూశాకే తేల్చుకోండి. మోటారు పైభాగం చేయి ఆనించలేనంత కాలుతోందా? కాలితే తీగ మందమో పొడవో ఎక్కువైంది. తల వణుకుతోందా? తీగ రెండు కొసలూ ఒకే పొడవు ఉన్నాయో లేదో, లోపల గడ్డి చుట్టుకుందో చూడండి.

హెచ్చరిక: తలను ముట్టుకునే ముందు, తీగ లాగే ముందు, గార్డు తుడిచే ముందు బ్యాటరీ తీసి పక్కన పెట్టాలి. మీట వదిలాను కదా అన్న ధీమా వేళ్ల మీదికి తెస్తుంది.

తరచు జరిగే తప్పులు

అన్నిటికన్నా పెద్ద తప్పు గార్డు విప్పి వాడడం. అది అడ్డంగా ఉందని విప్పేస్తారు. రాళ్లు మోకాళ్లకు తగలడం ఒక ఎత్తయితే, తీగను సరైన పొడవుకు కోసే కత్తి కూడా దానితోనే పోతుంది. పొడవెక్కిన తీగను తిప్పలేక మోటారు కాలిపోతుంది.

తీగను స్పూల్‌కు వదులుగా, అడ్డదిడ్డంగా చుట్టడం రెండవది. స్పూల్ మీది బాణం గుర్తు చూపిన వైపే, వరుసల మీద వరుసగా, బిగువుగా చుట్టండి. అంచు వరకు నింపకుండా కొంచెం ఖాళీ ఉంచండి. వదులుగా ఉంటే చుట్ల మధ్య రాపిడి వేడికి తీగ ఒకదానికొకటి అతుక్కుపోతుంది, ఎంత తట్టినా బయటికి రాదు. అప్పుడు మిషన్ పాడైందనుకుంటారు. నిజానికి విప్పి, అతుక్కున్న ముక్క కోసేసి, మళ్లీ చుడితే సరిపోతుంది.

మూడవది మన వాతావరణం తెచ్చిపెట్టేది. వేసవి అంతా మేడ మీది గదిలో పడి ఉన్న నైలాన్ తీగ తేమ ఆరిపోయి పెళుసవుతుంది, జూన్‌లో వాడబోతే ముట్టగానే పుటుక్కున తెగుతుంది. కొత్తది కొనకుండా, ఆ తీగ చుట్టను ఒక రాత్రంతా నీళ్లలో నానబెట్టి చూడండి. నైలాన్ నీరు పీల్చుకుని మళ్లీ వంగే గుణం తెచ్చుకుంటుంది.

వానలో, లేదా నీళ్లు కారుతున్న గడ్డిలో కోయడం కూడా తప్పే. తడిసిన తుక్కు గార్డు కింద ముద్దగా పేరుకుని తలను ఆపేస్తుంది. ఎండ కొంచెం ఎక్కాక, మంచు ఆరాక మొదలుపెట్టండి.

విద్యుత్తు తీగతో నడిచే 230 ఓల్టుల ట్రిమ్మర్ చవక కదా అని కొందరు అడుగుతారు. చిన్న ఆవరణకు, ప్లగ్ దగ్గరలో ఉంటే, అది మంచి ప్రత్యామ్నాయమే. బ్యాటరీ గొడవ ఉండదు. అయితే ఇంటి బోర్డులో కరెంటు లీకైతే వెంటనే ఆపే ఆర్‌సీసీబీ ఉండాలి, నేల పొడిగా ఉండాలి, కరెంటు తీగ ఎప్పుడూ మీ వెనుకే ఉండాలి.

బ్యాటరీని కాపాడుకోవడం

పని ముగిసిన వెంటనే వేడిగా ఉన్న బ్యాటరీని చార్జర్‌లో పెట్టకండి. అరగంట నీడలో చల్లారనివ్వండి. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటినప్పుడు చాలా చార్జర్లు ఎర్ర లైటు వెలిగించి చార్జ్ చేయడానికే నిరాకరిస్తాయి, కాబట్టి రాత్రి పూట చల్లని గదిలో, మీరు మేలుకుని ఉన్నప్పుడే చార్జ్ చేసుకోండి. కారు డిక్కీ, రేకుల షెడ్డు, మేడ మీది గది బ్యాటరీకి శత్రువులు.

డిసెంబరు నుంచి మే వరకు గడ్డి పెరుగుదల తక్కువ; అన్ని నెలలూ బ్యాటరీని నిండుగానో, పూర్తిగా ఖాళీగానో ఉంచితే దాని సత్తువ తగ్గుతుంది. సగం చార్జ్‌తో, మిషన్ నుంచి విడదీసి, ఇంటి లోపలి అల్మారాలో పెట్టండి. రెండు నెలలకొకసారి లైట్లు చూసి, ఒక్కటే మిగిలితే కొంచెం ఎక్కించండి.

ఉబ్బిన, పగిలిన, చార్జ్ అవుతూ విపరీతంగా వేడెక్కుతున్న బ్యాటరీని వెంటనే చార్జర్ నుంచి తీసి ఆరుబయట, మండే వస్తువులకు దూరంగా పెట్టండి. చెత్త బండిలో వేయకండి. లారీలో నలిగితే మంట లేస్తుంది. బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు 2022 ప్రకారం పాత బ్యాటరీలను వెనక్కి తీసుకుని రీసైక్లింగ్‌కు పంపవలసిన బాధ్యత తయారీదారులదే. కొన్న కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఇవ్వండి, లేదా మీ కాలనీకి దగ్గరలోని ఈ-వ్యర్థాల సేకరణ కేంద్రంలో అప్పగించండి. ఇచ్చేముందు దాని లోహపు కొనల మీద ఇన్సులేషన్ టేపు అంటించడం మరచిపోకండి.